పేటలును, పిల్లల యాటలును

ప్రతి సంవత్సరమును తల్లిదండ్రుల సభయందు ఒకటే మాట వినబడుచున్నది. పిల్లలు కదలరు, పిలిచినను బయటికి పోరు, సెల్‌ఫోను చేతబట్టుకొని గోడ కానుకొని కూర్చుందురు, మేము ఈ యీడున మైళ్లకొలది నడిచితిమి, చెఱువులీదితిమి, చింతచెట్లెక్కితిమి, వీరికేమి రోగము, అని. వేదికమీద కూర్చున్న మేమును తలలూపుచునే వచ్చితిమి. అంతియే కాదు, కొన్నియేండ్ల క్రిందట ఈ పత్రికయందే ఒక వ్యాసము వ్రాసి పిల్లల సోమరితనమును గట్టిగా మందలించి యుంటిమి. దాని నిప్పుడు తిరిగి చదువుకొనగా మాకు సిగ్గగుచున్నది. అందులో పిల్లలను గూర్చి మూడు పుటలున్నవి గాని వారు నివసించు వీథిని గూర్చి యొక్క వాక్యమైనను లేదు.

మా యభిప్రాయము మాఱుటకు కారణము చెప్పెదము. మేము వ్యాయామోపాధ్యాయులము కాము, లెక్కలు చెప్పువారము. గడచిన వేసవి సెలవులకు ముందు తొమ్మిదవ తరగతివారికి స్కేలు ప్రకారము పటము గీయుట నేర్పుచు, ఎవరి వీథిని వారు కొలిచి గీసికొని రండనియు, అందు నిన్నటి సాయంకాలము తామాడుకొన్న చోటును ఎఱ్ఱ పెన్సిలుతో గుర్తింపుడనియు చెప్పితిమి. కొలతలు సరిగా నున్నవో లేవో చూచుటయే మా యుద్దేశము. కాని దిద్దుచు దిద్దుచు కొలతలను మఱచి ఆ యెఱ్ఱగుర్తుల వెంట పోవలసివచ్చెను.

కాలువగట్టున నివసించు నొక బాలుని గుర్తు మేడమీద, నీళ్ల ట్యాంకునకును పిట్టగోడకును నడుమ నున్నది. అచ్చట ఏమి యాడుదువని అడుగగా, "క్రికెట్టండీ. బంతి క్రింద పడినచో ఆట ముగిసినట్లే, అందుచేత మెల్లగా కొట్టుదుము" అనెను. మెల్లగా కొట్టు క్రికెట్టును మేమెన్నడును విని యెఱుగము. బస్సుస్టాండు వెనుకనుండి వచ్చు మఱియొకడు రెండు ఆటోలు నిలుపు చోటును గుర్తించెను. అవి బేరమునకు పోయిన గంటసేపు మాత్రమే యది మైదానము. అపార్టుమెంటులో నుండు నొక విద్యార్థి క్రిందియంతస్తున కార్లు నిలుపు చోటును గీసి, అచ్చట వ్రేలాడు "ఇచ్చట ఆటలాడరాదు" అను బోర్డును సైతము స్కేలు ప్రకారము గీసెను. ఆ బోర్డునకు మార్కు లియ్యకుండ నుండలేకపోతిమి.

ఒక బాలిక పటమున ఎఱ్ఱగుర్తే లేదు. మఱచితివా యమ్మా యని అడిగితిమి. "లేదండీ, నిన్ననే కాదు, మా వీథిలో నేనెప్పుడును ఆడలేదు" అనెను. ఆమె యింటికి నూఱు గజముల దూరమున పురపాలక సంఘమువారి పార్కున్నది. పటమున దానిని చక్కగా గీసి పచ్చరంగు కూడ వేసినది. కాని యింటికిని పార్కునకును నడుమ లారీలు పోవు రోడ్డున్నది. పార్కు గేటువద్ద సాయంకాలములందు మోటారుసైకిళ్లపై గుమిగూడి కూర్చుండు యువకు లున్నారు. రోడ్డును గీసినది గాని, ఆ యువకులను స్కేలు ప్రకారము చూపుట యెట్లో ఆమెకు తెలియలేదు.

తరగతి మొత్తమున ఒక్కడు మాత్రము పటమంతయు ఎఱ్ఱచేసి తెచ్చెను. అతడు రైలుకట్ట కావలి పేటవాడు. వారి యింటివెనుక పొలమును ప్లాట్లుగా విడగొట్టి రాళ్లు పాతి యుంచిరి గాని యింకను ఎవరును ఇండ్లు కట్టలేదు. "ఇండ్లు లేచువఱకు మాదేనండీ" యని సంతోషముగా చెప్పెను. ఈ బాలుడు ఇతరులకంటె చురుకైనవాడుగా పుట్టెనని మేము నమ్మము. అతని యింటివెనుక స్థలమున్నది, అంతే. ఆ స్థలమున ఇండ్లు లేచిననాడు అతడును గోడకానుకొని కూర్చుండును; అపుడు వాని తండ్రి మన సభకు వచ్చి, వీనికేమి రోగమో యని అడుగును.

ఆటకు నేల యెంత ముఖ్యమో పెద్దలమైన మనము మఱచితిమి. బిళ్లంగోడు ఆడవలెనన్న నేలలో చిన్నగుంట త్రవ్వవలెను. గోలీలకును గుంటయే కావలెను. కోతికొమ్మచ్చికి కొమ్మలు క్రిందికి వాలిన చెట్టు కావలెను. నాలుగు స్తంభములాటకు ఎవరిదో యొకరి అరుగు, దానికి స్తంభములు, ఆ యింట కసరుకొనని యొక ముసలమ్మ కావలెను. చెడుగుడునకు, పడినను మోకాలిచిప్ప పగులని ఇసుకనేల కావలెను. మన వీథులకు సిమెంటు పోసిరి, మంచిపనియే. వానకాలపు బురద తప్పినది, ముసలివారు జారిపడుట తగ్గినది. దానిని మేము తప్పుపట్టుట లేదు. కాని సిమెంటు పోసిననాడే ఆ వీథిలో బిళ్లంగోడును గోలీలును ఆఖరైనవని ఎవరును గమనింపలేదు. తరువాత అరుగులను పగులగొట్టి, మోటారుసైకిలెక్కించుటకు ఏటవాలు కట్టిరి. నాలుగు స్తంభములాట పోయినది. కరెంటు తీగలకు తగులుచున్నదని చెట్టు కొమ్మలు నఱికిరి, కోతికొమ్మచ్చి పోయినది. ఏ యొక్కరును పిల్లలను ఆడవద్దని శాసింపలేదు. ఆటకు కావలసిన సామగ్రి మాత్రము ఒక్కొక్కటిగా వీథినుండి తొలగిపోయినది.

చోటునుబట్టి ఆట పుట్టుననుటకు మన పాఠశాలలోనే సాక్ష్యమున్నది. మన బాలబాలికలు మిక్కిలి మక్కువతో ఆడు బాస్కెట్టుబాలు 1891వ సంవత్సరము డిసెంబరు నెలలో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున పుట్టినది. బయట మంచు, లోపల విసుగెత్తిన పదునెనమండుగురు విద్యార్థులు. వారి యుపాధ్యాయుడు జేమ్సు నెయిస్మిత్ అనునాయన వ్యాయామశాలలోని బాల్కనీకి రెండు పండ్ల బుట్టలను మేకులతో కొట్టించి, తొమ్మండుగురేసి రెండు జట్లుగా ఆడించెను. ఆ బాల్కనీ పదియడుగుల యెత్తున నుండుటచేత నేటికిని లోకమంతట ఆ వలయము పదియడుగుల యెత్తుననే యున్నది. ఒక గది గోడ లోకమునకు ఒక యాటను కొలిచి యిచ్చినది. మన గదులును మన గోడలును మన పిల్లలకు ఏమి కొలిచి యిచ్చుచున్నవో ఆలోచింపవలసియున్నది.

ఇక వాహనముల సంగతి. డానల్డ్ ఆపిల్‌యార్డ్ అను నాయన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఇంచుమించు ఒకేతీరున నుండు మూడు వీథులను పరీక్షించి 1972లో తన ఫలితములను ప్రకటించెను. ఒక వీథిని దినమునకు సుమారు 2,000 వాహనములు పోవుచుండెను. మఱియొకదానిని సుమారు 16,000. వాహనములు తక్కువైన వీథిలో ఒక్కొక్కరికి ఆ వీథిలోనే సగటున ముగ్గురు స్నేహితులుండగా, ఎక్కువైన వీథిలో ఒక్కరును పూర్తిగా లేకపోయిరి. మొదటి వీథిలో పిల్లలు మెట్లమీదను బాటమీదను ఆడుచుండిరి. చివరి వీథిలో జనులు త్వరగా నడిచి లోపలికి పోయి తలుపు వేసికొనుచుండిరి. మన పట్టణపు సందులలో అన్ని వాహనములు పోవు మాట నిజము కాదు. కాని అచ్చట కాలిబాట యున్నది, మనకు లేదు. ఉన్నచోట దానిపై బజ్జీలబండి యున్నది. (బండివానిపై మాకు కోపము లేదు, సాయంకాలము మేమును అచ్చట నిలుచువారమే.)

వీథిని కొంతసేపు వాహనములకు మూయుట యసాధ్యమని కొందఱనిరి. విశాఖపట్టణమున సముద్రతీరపు రోడ్డుపై ఉదయపు వేళ వాహనములను నిలుపుటచేత, ముసలివారు మొదలు చక్రములబూట్లపై జారు పిల్లలవఱకు దానిని వాడుకొనుచున్నారు. దక్షిణ అమెరికాలోని బొగొటా నగరమున 1974లో ఆదివారములందు పెద్దరోడ్లను కొన్నిగంటలు జనులకు విడుచుట మొదలు పెట్టి నేటికిని విడుచుచున్నారు. అంత దూరమేల? పెండ్లిపందిరికి వీథి మూయుదుము. వినాయకచవితికి మూయుదుము, క్రిస్మసుకు మూయుదుము, పీరులపండుగకు మూయుదుము. మంత్రిగారు వచ్చినపుడు చెప్పనక్కఱయే లేదు. పిల్లలకొఱకు సాయంకాలము గంటసేపు రెండు కుర్చీలు అడ్డముపెట్టి యొక్క సందును నిలిపినచో మాత్రము పట్టణము నిలిచిపోవునా?

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో వెలువరించిన సూచనల ప్రకారము 5 మొదలు 17 ఏండ్లవఱకు గల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములు ఊపిరి వేగముగా ఆడునట్లు శరీరమును కదలింపవలెను. 146 దేశముల విద్యార్థుల వివరములు గూర్చి 2019లో ప్రకటించిన లెక్కలనుబట్టి, 11 మొదలు 17 ఏండ్లవారిలో నూటికి 81 మంది యీ మాత్రమును చేయుట లేదు. బాలురలో 78, బాలికలలో 85. లెక్కల మాస్టరులము గనుక ఈ కడపటి రెండు సంఖ్యలవద్ద కొంచెము నిలిచెదము. సెల్‌ఫోనే సర్వమునకు కారణమైనచో, ఇంట ఫోను తఱచుగా మొదట చిక్కునది కొడుకునకు గదా; కూతుండ్లే యెక్కువగా కదలకుండుట యేల? ఎఱ్ఱగుర్తు లేని యా పటమే దీనికి సమాధానమని మాకు తోచుచున్నది. బాలునికి వీథి యిరుకైనది. బాలికకు వీథి మూసికొనిపోయినది. పదునొకండవ యేడు వచ్చుసరికి "ఇక చాలు, లోపలికి రా" యను మాట ప్రతి గుమ్మమునుండియు వినబడును. ఆ మాట అను తల్లి కఠినురాలు కాదు. ఆమె వీథిని ఎఱిగినది.

వీథి మాఱినచో బాలికలును మాఱుదురనుటకు ఉత్తరాంధ్రమున రెండు ఊళ్ల పేర్లు చెప్పవచ్చును. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస చేరువ ఊసవానిపేట యను చిన్నగ్రామ మున్నది. అచ్చట నీలంశెట్టి అప్పన్నగారు బరువులెత్తుట నేర్పుచుండిరి. కరణం మల్లీశ్వరి చిన్ననాడు ఆయనయొద్ద నేర్చుకొని, 2000వ సంవత్సరమున సిడ్నీలో 240 కిలోల బరువులెత్తి కంచుపతకము గొని, ఒలింపిక్సులో పతకము పొందిన మొదటి భారతస్త్రీ యయ్యెను. ఆమె తోబుట్టువులును బరువులెత్తినవారే. విజయనగరము జిల్లా నెల్లిమర్ల చెంతనున్న కొండవెలగాడ మఱియొకటి. అందుండియు అనేకులు బరువులెత్తు క్రీడలో పేరుపొందిరి. ఆ యూరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్‌వెల్తు క్రీడలలో పతకము గెలిచెను. ఈ యూళ్ల నీటిలో ఏదో బలమున్నదని నవ్వులకు చెప్పుదురు గాని, ఉన్నది నీటిలో కాదు. పొరుగింటి అక్క బరువెత్తుచుండగా చూచిన చెల్లెలికి అది వింతపని గాదు, సిగ్గుపడవలసిన పనియు గాదు. చూచువారును వింతగా చూడరు.

పుసర్ల వెంకట సింధు మాటయు ఇట్టిదే. తల్లిదండ్రు లిరువురును వాలీబాలు క్రీడాకారులు. తండ్రి రైల్వే యుద్యోగి. ఆమె మొదట ర్యాకెట్టు పట్టినది సికిందరాబాదులోని రైల్వేవారి కోర్టులమీద. ఆ కోర్టులను ఒలింపిక్సు పతకములకొఱకు కట్టలేదు. ఉద్యోగుల సాయంకాలములకొఱకు కట్టిరి. పతకములకొఱకు పిల్లలందఱు ఆడవలెనని మా భావము కాదు. మన పాఠశాలనుండి ఒక్కరును ఒలింపిక్సునకు పోకున్నను మాకు చింతలేదు. సాయంకాలము చెమటపట్టి, ఆకలిగొని, రాత్రి తొమ్మిదిగంటలకు నిద్రపోవు పిల్లలు మాకు చాలును. మఱునాడు మొదటి గంటలో లెక్కలు చెప్పవలసినది మేము గదా.

తల్లిదండ్రులు మాతో వాదించునపుడు రెండు మాటలు తఱచు చెప్పుదురు. మొదటిది చదువు. పదవతరగతి పిల్లవానిని సాయంకాలము వదలినచో మార్కులు తగ్గునని భయము. దీనికి మా యనుభవముననుండి ఒక్కమాట: నాలుగు గంటలనుండి తొమ్మిదివఱకు పుస్తకము ముందు కూర్చున్నవాడు అయిదు గంటలు చదువుచున్నాడని తల్లి యనుకొనును, మేము అట్లనుకొనము. కన్నుల మాటయు నున్నది. మన తరగతులలో కండ్లజోళ్లు యేటేట పెరుగుచున్నవని మీరును చూచుచున్నారు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున కొన్ని పాఠశాలల చిన్నపిల్లలకు ప్రతిదినమును 40 నిమిషములు అదనముగా ఆరుబయట తరగతి పెట్టి మూడేండ్లు చూచిరి. అట్లు పెట్టని పాఠశాలల పిల్లలకంటె వీరిలో హ్రస్వదృష్టి పుట్టినవారు తక్కువయైరి. ఆ ఫలితములను 2015లో ప్రకటించిరి. ఎండలో తిరిగిన నల్లబడుదురని వెఱచు తల్లులు ఈ సంగతిని కూడ తూచి చూడవలెనని కోరుచున్నాము.

రెండవమాట భయము: వాహనములు, కుక్కలు, కాలువ, తెలియని మనుష్యులు. ఈ భయమును మేము పరిహసింపము. నిజమైన భయమే. భయము నిజమగుటచేతనే పిల్లలను మందలించుట వ్యర్థమని మా వాదము. భయములేని చోటొకటి చూపిన పిమ్మట, అప్పటికిని కదలని పిల్లవానిని మందలింపుడు, మేమును తోడుపడుదుము.

అట్టి చోటు మన పట్టణమున లేదా? ఉన్నది. దాని చుట్టును ఎనిమిదడుగుల ప్రహరి యున్నది. ఆ ప్రహరి మనదే.

మన పాఠశాలకు ఆఱెకరముల మైదానమున్నది. పెద్దలు నాటిన చింతచెట్లును వేపచెట్లును ఉన్నవి. బోరింగు నీళ్లున్నవి. మన చుట్టుపట్ల మూడంతస్తుల మేడలలో నడుచు బడులు అనేకములు గలవు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము బడికి ఆటస్థలము కావలెనని చెప్పుచున్నను, ఆ పిల్లలు ఆటల గంటలో మెట్లు దిగి, కార్లషెడ్డులో నిలుచుండి చేతులెత్తి దించి, మెట్లెక్కుచున్నారు. సాయంకాలము వారు మన గోడ ప్రక్కగానే ఇండ్లకు పోవుదురు. అయిదుగంటలకు మన గేటునకు తాళము పడును. మఱునాడు ఉదయమువఱకు ఆఱెకరముల నేలపై తిరుగునవి ముంగిసలును వాచ్‌మను మేకయును మాత్రమే.

1920లో మద్రాసున హెచ్. సి. బక్ దొరగారు వ్యాయామోపాధ్యాయులకొఱకు కళాశాల స్థాపించిన తరువాత, దక్షిణదేశపు బడులకు అందు చదివిన డ్రిల్లు మాస్టరులు వచ్చిరి. మిషను బడి అనగానే ఊరివారికి విశాలమైన మైదానము స్ఫురించెడిది. ఆ పేరు మనకింకను ఉన్నది. కాని ఇపుడు రోడ్డువైపు భాగమున దుకాణపు గదులు కట్టి అద్దెకిచ్చిన ఆదాయము వచ్చునని ఒక ఆలోచన బయలుదేరినది. ఆదాయము వచ్చుమాట నిజమే. మేము లెక్కవేసి చూచితిమి, తక్కువ మొత్తము కాదు. మరుగుదొడ్లకు మరమ్మతు కావలెననియు, ప్రయోగశాలకు సామాను కావలెననియు మాకు తెలియును. అయినను దుకాణము కట్టిన నేలను తిరిగి మైదానము చేసిన బడిని మేమింతవఱకు చూడలేదు. కావున ఆ యాలోచనను విడువవలెననియు, గేటును ప్రతిదినము నాలుగున్నరనుండి ఆఱున్నరవఱకు పేటల పిల్లలందఱకును, వారేబడివారైనను, తెఱువవలెననియు కమిటీవారిని వేడుచున్నాము.

కష్టములు లేవనము. కుళాయిలు పోవునని ఆఫీసువారు చెప్పిరి, పోవచ్చును. కిటికీ అద్దములు పగులునని చెప్పిరి. గడచిన యేడు గ్రంథాలయపు అద్దము పగిలినది గాని, పగులగొట్టినవాడు బయటివాడు కాడు, మన ఎనిమిదవతరగతి వాడే. గట్టిబంతిని మాన్పించి టెన్నిసు బంతితో ఆడించినచో ఈ చిక్కు చాలవఱకు తీరును. వాచ్‌మనుకు రెండు గంటల అదనపు జీతము ఇయ్యవలెను. దీనికై మేము కొందఱు ఉపాధ్యాయులము నెలకింతయని వేసికొనుటకు ఒప్పుకొంటిమి. బాలికల విషయమున మాత్రము తల్లుల సాయము లేక యేమియు జరుగదు. హాస్టలు ప్రక్కనున్న కోర్టును వారికే విడిచి, వంతులవారీగా ఇద్దఱేసి తల్లులు చింతచెట్ల క్రింద కూర్చుండిన చాలును. వారు ఆడనక్కఱలేదు, కూర్చుండి మాటలాడుకొనవచ్చును. ఆడిన మఱియు సంతోషము. తాము వచ్చెదమని నలుగురు తల్లులు ఇదివఱకే చెప్పియున్నారు. ఎఱ్ఱగుర్తు లేని పటము గీసిన బాలిక తల్లి వారిలో నొకతె.

కమిటీ సంక్రాంతి సెలవుల తరువాత కూడును. ఇంతలో మఱియొక సంగతి. పడమటి ప్రహరిలో వర్షములకు కొన్ని ఇటుకలు జాఱి, ఒక పిల్లవాడు దూరగలిగినంత సందు ఏర్పడినది. అయిదుగంటల తరువాత దానిగుండ పది పదునైదుగురు పిల్లలు లోపలికి వచ్చి ఆడుకొని, చీకటిపడకమునుపే పోవుచున్నారని వాచ్‌మను చెప్పెను. ఈ యేడు మరమ్మతుల బాధ్యత మాది. ఆ సందును వెంటనే పూడ్పింపవలసినదను చీటీ మూడువారములనుండి మా బల్లమీద నున్నది. మే మింకను దానిపై సంతకము చేయలేదు.